ఇంటి నుంచి పని మొదలయ్యాక పట్టుకున్న అలవాట్లు, ఈ టెన్షన్.. మీరెలా బయటపడ్డారు?

కొర్లగుంట_33:

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మాది తిరుపతి, కొర్లగుంట. బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ సపోర్ట్ టీంలో చేస్తున్నాను. 2020 మార్చిలో లాక్‌డౌన్ అనగానే రెండు జతల బట్టలు బ్యాగులో వేసుకుని బస్సెక్కాను, రెండు వారాల్లో వెనక్కి పోతాను కదా అని. ఆ రెండు వారాలు అవ్వనే లేదు. మా టీం మొత్తాన్ని ఇంటి నుంచే చెయ్యమన్నారు, బెంగళూరు రూం ఖాళీ చేశాను, పెళ్లయింది, పాప పుట్టింది, అంతా ఈ ఇంట్లోనే, పని మాత్రం ఈ మేడ మీది గదిలో. చూసేవాళ్లకి నాది అదృష్టం. అద్దె లేదు, అమ్మ చేతి వంట, కిటికీ తీస్తే కొండ కనిపిస్తుంది. మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను.

పని మధ్యాహ్నం 1 నుంచి రాత్రి 10 వరకు అని కాగితం మీద ఉంది. అమెరికాలో తూర్పు వైపు వాళ్లకి పొద్దున 9 అంటే మనకి ఎండాకాలంలో సాయంత్రం 6:30, నవంబరులో వాళ్లు గడియారం మార్చుకోగానే అదే మీటింగు 7:30కి జరుగుతుంది, దాంతో 10 కాస్తా 11:30 అవుతుంది. మా ఆవిడ స్కూల్లో టీచరు, పొద్దున ఎనిమిదికి పోయి సాయంత్రం ఐదున్నరకి వస్తుంది. ఆమె వచ్చి కాళ్లు కడుక్కునేసరికి నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఉంటాను. ఒకే కప్పు కింద ఉంటూ మేమిద్దరం కూర్చుని మాట్లాడుకునేది ఆదివారమే.

చాట్‌లో నా పేరు పక్కన పచ్చ చుక్క ఉంటుంది. కాసేపు మౌస్ కదపకపోతే పసుపు అయిపోతుంది. పసుపు అయితే మా మేనేజర్ నుంచి ‘ఉన్నావా?’ అని ఒక్క మాట వస్తుంది. తిట్టడు, అరవడు, ఆ ఒక్క మాటే. దానికే నాకు ఎంత భయం పట్టుకుందంటే అన్నం తింటున్నా ఎడమ చెయ్యి ఫోను మీదే ఉంటుంది, స్నానానికి పోయినా ఫోను గూట్లో పెట్టుకుని పోతాను.

ఇక అలవాట్లు. బెంగళూరులో ఉన్నప్పుడు సిగరెట్లు రోజుకి రెండు, అదీ టీ కొట్టు దగ్గర ఫ్రెండ్స్‌తో. ఇప్పుడు తొమ్మిది, ఒక్కోరోజు పదకొండు. కాల్ అవ్వగానే మిద్దె మీదికి పోతాను, వాటర్ ట్యాంకు వెనక్కి. పీకలు ఊడ్చేది అమ్మే, ఇంతవరకు ఒక్క మాట అనలేదు. కాల్లో ఉన్నంతసేపూ నోట్లో ఏదో ఒకటి ఆడాలి, మిక్చర్, చెక్కలు, బొరుగులు ఏదైనా సరే. 71 కిలోలు ఉండేవాడిని 84కి వచ్చాను. రాత్రి లాప్‌టాప్ మూశాక ఒళ్లు అలసిపోయి ఉంటుంది గానీ నిద్ర రాదు, ఫోను పట్టుకుంటే రెండు అవుతుంది, అందులో ఏం చూశానో పొద్దునకి ఒక్కటీ గుర్తుండదు.

ఇంకో విషయం, అసలు ఇది చెప్పాలనే రాయడం మొదలుపెట్టాను. నాలుగు నెలల కిందట సాయంత్రం క్లయింటుతో మాట్లాడుతుంటే కింద వంటింట్లో మిక్సీ మోగింది. నా గది సరిగ్గా వంటింటి మీదే ఉంటుంది. మ్యూట్ నొక్కి, మెట్ల మీదికి వచ్చి అమ్మ మీద అరిచాను. ఏమన్నానో ఇక్కడ రాయలేను. అమ్మ మాట్లాడకుండా స్విచ్ ఆపేసింది. నేను ఆ సంగతి మర్చిపోయాను కూడా. పోయిన వారం నీళ్ల కోసం కిందికి దిగితే పెరట్లో లైటు వెలుగుతోంది. అమ్మ పాత రోటి ముందు కూర్చుని సంగటిలోకి ఊరిబిండి నూరుతోంది. బండతో నాలుగుసార్లు నూరడం, ఆగి ఎడమ చేత్తో కుడి భుజం నొక్కుకోవడం, మళ్లీ నూరడం. ఆమెకి 61 ఏళ్లు. మిక్సీ పాడైందా అమ్మా అంటే ‘ఈ టైంలో నీకు మాటలుంటాయి కదా నాయనా’ అంది. నాలుగు నెలలుగా ప్రతి సాయంత్రం అంతేనట.

ఆ రాత్రి నుంచి నాకు మనసు మనసులో లేదు. ఉద్యోగం మానలేను, ఇంటి లోను ఉంది. ఆఫీసుకి రమ్మన్నా ఇప్పుడు పాపని, అమ్మానాన్నల్ని వదిలి పోలేను. ఇంట్లోంచే చేస్తూ ఇందులోంచి బయటపడినవాళ్లు ఉంటే ఏం చేశారో చెప్పండి. ముందు ఏది మానాలి, ఎక్కడ మొదలుపెట్టాలి? ధ్యానం చెయ్యి, పాజిటివ్‌గా ఉండు లాంటివి చాలా విన్నాను. మీరు చేసింది చెప్పండి చాలు.

ఎమ్మార్‌పల్లి_అక్క:

తమ్ముడూ, నీ పోస్టు రెండుసార్లు చదివాను. నాకు 44. పదకొండేళ్లుగా ఇంట్లోంచే మెడికల్ బిల్లింగ్ పని చేస్తున్నాను, కరోనా కంటే చాలా ముందు నుంచి, కాబట్టి నువ్వు పడ్డ గుంటలు నేనూ పడ్డాను.

నువ్వు మూడు అలవాట్లు రాశావు. నాకు మాత్రం ఒక్కటే కనపడింది, నీ రోజుకి గడప లేదు. ఆఫీసుకి పోయే మనిషికి బస్టాపు ఉంటుంది, లిఫ్టు ఉంటుంది, టీ కొట్టు ఉంటుంది, సాయంత్రం ట్రాఫిక్‌లో గంటసేపు విసుక్కోవడం ఉంటుంది. పని ఎక్కడ మొదలైంది ఎక్కడ ఆగింది అనేది ఆ మనిషికి కాళ్లే చెప్తాయి. నీకు అవన్నీ ఒక్కసారిగా పోయాయి, పోయిన ప్రతి చోటా ఏదో ఒకటి వచ్చి కూర్చుంది. కాల్ అయిపోయింది అని నీ ఒంటికి చెప్పేది ఇప్పుడు సిగరెట్టు, ఈరోజుకి పని అయిపోయింది అని చెప్పేది రెండింటిదాకా ఫోను. నువ్వు బలహీనుడివి కాదు. ఆ చోట్లు ఖాళీగా ఉన్నాయి, అంతే. ఇంకేదైనా పెట్టకుండా వాటిని పీకేస్తే మళ్లీ అవే వస్తాయి.

నేను చేసేది చెప్తాను. పొద్దున 8:20కి చెప్పులేసుకుని గేటు తీసుకుని బయటికి పోతాను. మా వీధి చివర పాలబూత్ దాకా, అక్కణ్నుంచి వెనక్కి, మొత్తం పది నిమిషాలు. తిరిగి వచ్చి గదిలోకి పోతే ఆఫీసుకి వచ్చినట్టు. వానొచ్చినా గొడుగేసుకుని పోతాను. మా అత్త మొదట్లో ఏం మర్చిపోయావని అడిగేది, ఇప్పుడు నేను ఆలస్యం చేస్తే ‘ఇంకా పోలేదా’ అంటుంది. సాయంత్రం పని అయ్యాక ఒక లాంగ్‌బుక్‌లో రేపటికి మిగిలినవి రాస్తాను, ఏది ముందో దానికి నంబరు వేస్తాను, లాప్‌టాప్ మూసి పాత దిండు గలీబులో దూర్చి బీరువాలో పెడతాను. ఈ రాసేదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పూర్తయిన పనుల కంటే మధ్యలో ఆగిన పనులే మనసులో ఎక్కువ నిలుస్తాయని బ్లూమా జైగార్నిక్ అనే సైకాలజిస్టు 1927లోనే రాసింది. నీకు పడుకున్నాక బుర్రలో తిరిగేవి అవే. పుస్తకంలో దించేస్తే మనసుకి వాటిని మోసే పని తగ్గుతుంది, నా విషయంలో మొదటి వారంలోనే తేడా తెలిసింది.

నోట్లో ఏదో ఒకటి ఆడడం గురించి నేను చెప్పకపోతే ఇంకెవరు చెప్తారు. నాది వక్కపొడి. పని ఎక్కువైన కొద్దీ పొట్లాలు ఎక్కువయ్యాయి, రోజుకి ఏడెనిమిది చించేదాన్ని, టేబుల్ సొరుగు నిండా ఖాళీ పొట్లాలే. నాలుగేళ్ల కిందట పంటి నొప్పికి పోతే డాక్టరమ్మ నోరు తెరవమంది, మూడు వేళ్లు నిలువుగా పెట్టి చూడమంది. మూడోది పట్టలేదు. బుగ్గ లోపల తెల్లగా గట్టిగా పట్టీలు కట్టాయి, వక్క వల్లే అంది, ఇలాగే నమిలితే నోరు ఇంకా బిగుసుకుపోతుంది, క్యాన్సర్ దాకా పోవచ్చు అంది. పొగాకు లేదు కదా అన్నాను. పొగాకు కలవకపోయినా వక్క క్యాన్సర్ తెచ్చేదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2004లోనే తేల్చిందని చెప్పింది. ఆరోజు ఇంటికొచ్చి సొరుగు ఖాళీ చేశాను. మానేటప్పుడు లవంగం ఒకటి బుగ్గన పెట్టుకునేదాన్ని, అది రుచి పోయేదాకా గంట పట్టేది. ఇక్కడ చదివేవాళ్లలో వక్క వేసుకునే అమ్మలు, అక్కలు ఉంటే దయచేసి ఇప్పుడే మూడు వేళ్లు పెట్టి చూసుకోండి.

నీ మిక్చర్‌కి నేను చెప్పేది ఒకటే, డబ్బాని మేడ మీది గదిలోంచి కిందికి దించెయ్. తినాలనిపిస్తే మెట్లు దిగి వచ్చి, గిన్నెలో పెట్టుకుని, కూర్చుని తిను. ఉడకబెట్టిన చెనిక్కాయలు పెట్టుకో, తొక్క తీసుకుంటూ తినాలి కాబట్టి ఎన్ని తిన్నావో తెలుస్తుంది.

అన్నిటికంటే ముందు ఈ రాత్రే కిందికి దిగి అమ్మకి తప్పయిందని చెప్పు. ఆమెకి అర్థమైపోయి ఉంటుందిలే అని వదిలెయ్యొద్దు, నోటితో చెప్పు. రేపు పొద్దున నీ కాల్స్ ఏయే టైంలో ఉన్నాయో కాగితం మీద రాసి వంటింటి తలుపుకి అంటించు. పాపం ఆమెకి ఆ టైములు తెలిస్తే కదా.

గ్రీమ్స్‌పేట_లెక్కలు:

చిత్తూరు నుంచి. అక్క చెప్పిందంతా నిజమే గానీ నేను సిగరెట్టే ముందు అంటాను. 17 ఏళ్లు కాల్చి మానినవాడిని, నాలుగేళ్లు దాటింది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకి లెక్కలు రాస్తాను, మా ముందు గదే ఆఫీసు. జూన్, జూలైలో తోతాపురి సీజన్లో రాత్రి పన్నెండైనా లారీ బిల్లులు వస్తూనే ఉంటాయి, ఆ రెండు నెలలు రోజుకి ప్యాకెట్టు చాలేది కాదు.

తమ్ముడూ, సిగరెట్టు నీ టెన్షన్ తగ్గించట్లేదు. సిగరెట్టులో అలవాటు పట్టించే నికోటిన్ ఒంట్లోకి పోయిన రెండు గంటలకల్లా రక్తంలో సగానికి పడిపోతుంది. పడిపోగానే చిరాకు, చేతులు ఊరుకోకపోవడం, మనసు నిలవకపోవడం. అది పని వల్ల వచ్చిందనుకుంటాం. ఇంకోటి కాలిస్తే ఆ చిరాకు పోతుంది, చూశావా సిగరెట్టు టెన్షన్ తీసేసింది అనుకుంటాం. పోయిన సిగరెట్టు పెట్టిన చిరాకుని ఈ సిగరెట్టు తీస్తోంది అన్నమాట. నాకు ఇది ఒక డాక్టరు కాగితం మీద గీత గీసి చూపించాక గానీ ఎక్కలేదు. నువ్వు అమ్మ మీద అరిచిన రోజు కాల్ ఎంతసేపు నడిచింది, దానికి ముందు ఎప్పుడు కాల్చావు, ఒకసారి గుర్తు తెచ్చుకో.

ఎలా మానాలంటే, ముందు ఒక తేదీ పెట్టుకో, రెండు వారాల లోపు. ఆలోగా మిద్దె మానెయ్. కాల్చాలనిపిస్తే కాల్చు గానీ ఆ ట్యాంకు వెనక కాదు, వీధి చివరికి నడిచి పోయి కాల్చు. ఆ మెట్లు, ఆ ట్యాంకు కనిపిస్తేనే నీ చెయ్యి జేబులోకి పోతుంది, అది నీకు తెలియకుండానే జరుగుతుంది. ఈ ఒక్క మార్పుకే నాకు సగం తగ్గాయి. కాల్చాలనే కోరిక పుట్టినప్పుడు అది పెరుగుతూనే పోతుంది అనిపిస్తుంది, పోదు, నాలుగైదు నిమిషాల్లో దిగిపోతుంది. ఆ నిమిషాల్లో చన్నీళ్లు తాగు, ముఖం కడుక్కో, అమ్మ దగ్గరికి పోయి నిలబడు. మొదటి వారం కష్టం, నేను దాచను, ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి పెట్టు. మూడు నాలుగు వారాలకి చాలావరకు సర్దుకుంటుంది.

సిగరెట్టు ప్యాకెట్టు మీదే 1800-11-2356 అని నంబరు ఉంటుంది, 2018 సెప్టెంబరు నుంచి వేస్తున్నారు, అది పొగాకు మానాలనుకునేవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉచిత లైను. నేను ఫోన్ చేశాను. చీదరించుకోరు, నీ అలవాటు ఎలాంటిదో అడిగి తేదీ పెట్టిస్తారు, మళ్లీ వాళ్లే ఫోన్ చేసి కనుక్కుంటారు.

తిరుచానూరు_నైట్‌షిఫ్ట్:

అన్నా, నాకు 26. రాత్రి 8 నుంచి పొద్దున 5 వరకు పని, మూడేళ్లుగా. నిద్ర గురించి నేను చెప్తాను, మిగతావి పెద్దవాళ్లు చెప్పారు.

పోయిన ఏడాది ఒకరోజు షిఫ్టు మధ్యలో గుండె దడదడ కొట్టుకుంది, చేతులు చల్లబడ్డాయి, ఊపిరి అందట్లేదు, చచ్చిపోతున్నాను అనుకున్నాను. నాన్న బండి మీద ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఈసీజీ తీశారు, రక్తం చూశారు, అన్నీ బాగున్నాయి. గుండెకి ఏం కాలేదు, ఇది పానిక్ అటాక్ అన్నారు. ఏం లేదు అన్నారు కదా అని నేనూ వదిలేశాను, పది రోజులకి మళ్లీ వచ్చింది. అప్పుడు 14416కి ఫోన్ చేశాను. అది టెలీ మానస్, మానసిక సమస్యలకి సాయం చేసే ఫోన్ లైను, 2022 అక్టోబరులో ప్రభుత్వం మొదలుపెట్టింది, 24 గంటలూ ఉంటుంది, డబ్బులు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. నేను చేసింది అర్ధరాత్రి దాటాక. అవతల మేడం నా మాట మధ్యలో ఆపకుండా మొత్తం విన్నది, తర్వాత సైకియాట్రీ ఓపీకి పొమ్మని చెప్పింది. నాకు నాలుగు నెలలు మందులు వాడారు, ఇప్పుడు లేవు. నువ్వు ‘మనసు మనసులో లేదు’ అని రాశావు కాబట్టి చెప్తున్నాను అన్నా, రెండు వారాలకి పైగా నిద్ర, తిండి, ఏ పని మీదా ఇష్టం అన్నీ పోయినట్టుంటే అలవాట్ల సంగతి తర్వాత, ముందు డాక్టరుకి చూపించుకో. బతకడం వృథా అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ క్షణమే ఆ నంబరుకి ఫోన్ చెయ్.

నిద్రకి నేను చేసినవి. ఫోను పడకగదిలో పెట్టట్లేదు, హాల్లో చార్జింగ్ పెట్టి వస్తాను. లేపడానికి అలారం కావాలి కదా అని సాకు చెప్పుకునేదాన్ని, అందుకే గాంధీరోడ్డులో ఒక మామూలు అలారం గడియారం కొన్నాను. టీ కాఫీలు పడుకునే ఏడెనిమిది గంటల ముందే ఆపేస్తాను, ఎందుకంటే తాగిన కాఫీలో సగం ఐదారు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. నువ్వు సాయంత్రం మీటింగులకి ముందు తాగే టీ లెక్క వేసుకో. లేవగానే పది నిమిషాలు ఎండలో నిలబడతాను, నాకైతే రాత్రి వేసుకునే ఏ మాత్ర కంటే ఇదే ఎక్కువ పనిచేసింది.

ఇంకోటి. 21 రోజులు చేస్తే అలవాటైపోతుంది అని అందరూ అంటారు, నేను 22వ రోజు కూడా కష్టంగానే ఉందని ఏడ్చాను. లండన్‌లో యూనివర్సిటీ కాలేజీ వాళ్లు 2009లో 96 మంది మీద చూశారు, కొత్త పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది, కొందరికి 18 రోజులే, కొందరి లెక్క 254 దాకా పోయింది. మధ్యలో ఒకరోజు తప్పితే కొంపలేం మునగవని కూడా అందులోనే తేలింది. నాకు ఆ చివరి మాట చాలా ధైర్యం ఇచ్చింది.

ఎమ్మార్‌పల్లి_అక్క:

తల్లీ, ఇది రాసినందుకు చాలా సంతోషం. నువ్వు రాసిన నంబరు కాగితం మీద రాసి మా ఫ్రిజ్‌కి అంటించాను.

లేబర్_లా_రేణిగుంట:

ఆ పచ్చ చుక్క గురించి ఒక మాట. పనివేళలు అయ్యాక ఆఫీసు మెసేజీలకి జవాబివ్వని హక్కు ఫ్రాన్స్‌లో 2017 నుంచి చట్టంలో ఉంది, ఆస్ట్రేలియాలో 2024లో వచ్చింది. మన లోక్‌సభలో 2018లో ఎంపీ సుప్రియా సూలే ప్రైవేటు మెంబరు బిల్లు (ప్రభుత్వం తరఫున కాకుండా ఎంపీ సొంతంగా పెట్టేది) పెట్టారు గానీ చట్టం కాలేదు. కాబట్టి మనకి ఇప్పటికి నోరే ఆయుధం. మేనేజరుని నేరుగా అడిగావా తమ్ముడూ? ‘ఉన్నావా’ అంటే నిజంగా ఏమని ఆయన ఉద్దేశం? ఎదుటి మనిషి ఒక్క మాట పంపిస్తే మిగతా పది మాటలు మనమే కలుపుకుంటాం. భోజనానికి అరగంట ఉండను అని ముందే చెప్పి క్యాలెండర్‌లో పెట్టు. ఒప్పుకోకపోతే అప్పుడు చూద్దాం.

మోకాలిమెట్టు:

అందరూ మంచి మాటలు చెప్పారు, నాది చిన్నది. తిరుపతిలో ఉండి కొండని కిటికీలోంచి చూడడం ఏంది సామీ. నేను నెలకి రెండు శనివారాలు అలిపిరి నుంచి నడుస్తాను. 3550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్లు, నా నడకకి మూడున్నర గంటలు. అలిపిరిలో లగేజీ కౌంటరులో సామాను ఇచ్చేస్తే దేవస్థానం వాళ్లే ఉచితంగా పైకి చేరుస్తారు, నేను ఫోను కూడా బ్యాగులో పెట్టి ఇచ్చేస్తాను. వారం మొత్తంలో ఫోను నా దగ్గర లేని గంటలు అవే. మొదటిసారి గాలిగోపురం వచ్చేదాకా చెయ్యి ఊరికే జేబు తడుముకుంటూనే ఉంది, ఆ తర్వాత మానుకుంది. టైం లేకపోతే శ్రీవారి మెట్టు ఉంది, 2388 మెట్లు, రెండు కిలోమీటర్ల పైచిలుకే గానీ నిటారుగా ఉంటుంది. 84 కిలోలంటున్నావు, మోకాళ్లు చూసుకో, ముందు నెల రోజులు యూనివర్సిటీ లోపల పొద్దున నడిచి ఆ తర్వాత మెట్లెక్కు.

కొర్లగుంట_33:

అందరికీ చేతులెత్తి మొక్కుతున్నాను. మూడు వారాలు అయింది, ఏం జరిగిందో చెప్పకపోతే తప్పు అనిపించి రాస్తున్నాను.

అక్కా, ఆ రాత్రే అమ్మ దగ్గరికి పోయాను. మర్నాటి దోసెలకి పిండి కలుపుతోంది. తప్పయింది అమ్మా అన్నాను. చేతులు కడుక్కోకుండానే ‘నీ పని నీకు, నా పని నాకు, మధ్యలో కోపాలెందుకు నాయనా’ అంది, మళ్లీ పిండిలోకి చెయ్యి పెట్టింది. అంతే. నాకు మాత్రం నాలుగు నెలల బరువు దిగింది. కాగితం మా ఆవిడ రాసింది, కాల్స్ ఉన్న టైములకి ఎర్ర స్కెచ్ పెన్ను, లేని టైములకి పచ్చ. పాపకి చదవడం రాదు గానీ ఎరుపంటే తెలుసు, కాగితం ముందు నిలబడి అవ్వని అడుగుతుంది, నాన్న ఎరుపా పచ్చా అని.

మధ్యాహ్నం 12:40కి చెప్పులేసుకుని వీధి చివరిదాకా పోయి వస్తున్నాను. రాత్రి లాప్‌టాప్ బీరువాలో పెట్టి తాళం మా ఆవిడకి ఇస్తున్నాను. 5:45 నుంచి 6:15 వరకు క్యాలెండర్‌లో ‘ఉండను’ అని పెట్టాను. మేనేజరుకి చెప్పడానికి రెండు రోజులు మాటలు కూడబలుక్కున్నాను. ఆయన ‘పెట్టేయ్, నాకేం ఇబ్బంది లేదు’ అన్నాడు. ఇన్నేళ్లు నేను అడగనే లేదు. ఆ అరగంట నేనూ మా ఆవిడా ముందు మెట్ల మీద కూర్చుని టీ తాగుతున్నాం, స్కూల్లో ఏం జరిగిందో చెప్తుంది, నేను వింటాను.

సిగరెట్లు తొమ్మిది నుంచి నాలుగుకి వచ్చాయి. అన్న చెప్పినట్టు మిద్దె మానడమే. పోయిన బుధవారం సర్వర్ పడిపోయి రాత్రి మూడు దాకా కూర్చున్నాను, ఆ ఒక్క రాత్రే ఏడు కాల్చాను, మిద్దె మీదే. మర్నాడు చాలా సిగ్గేసింది. చెల్లెమ్మ రాసిన 66 రోజులు, ఒకరోజు తప్పినా ఫర్వాలేదు అన్నది తీసి మళ్లీ చదువుకున్నాను. బరువు కిలో కూడా తగ్గలేదు. నిద్ర పన్నెండున్నరకి పడుతోంది, అది నాకు పెద్ద విషయం. డాక్టరుకి చూపించుకునేంత ఉందా అని చెల్లెమ్మ చెప్పిన నంబరుకి ఒకసారి మాట్లాడాను, ఇప్పటికి అవసరం లేదు, పెరిగితే రమ్మన్నారు.

వచ్చే నెల 1న పూర్తిగా మానాలని తేదీ పెట్టుకున్నాను. అన్నా, నికోటిన్ గమ్ అంటున్నారు కదా, వాడొచ్చా, లేక అలాగే మానెయ్యనా?

గ్రీమ్స్‌పేట_లెక్కలు:

వాడు తమ్ముడూ, తప్పేం లేదు. 2 మి.గ్రా. గమ్ మందుల షాపులో చీటీ లేకుండానే ఇస్తారు. గుండె జబ్బు, బీపీ లాంటివి ఉంటే మాత్రం డాక్టరుని అడిగాకే. మామూలు చూయింగ్ గమ్ లాగా గబగబా నమలొద్దు, అందరూ చేసే తప్పు అదే, ఎక్కిళ్లు, కడుపులో మంట వచ్చి ఇది పనికిరాదని పారేస్తారు. నెమ్మదిగా నాలుగుసార్లు నమిలి, నాలుక మీద కారంగా అనిపించగానే ఆపి, బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టుకో. ఘాటు తగ్గాక మళ్లీ నములు. అరగంట వస్తుంది ఒకటి. టీ తాగిన వెంటనే పెట్టుకోకు, పావుగంట ఆగు, లేకపోతే మందు ఒంటికి పట్టదు. నేను మూడు నెలల్లో మెల్లగా తగ్గించుకుంటూ ఆపేశాను. 1వ తేదీ రాత్రి ఇక్కడ ఒక్క లైను రాయి, నేను చూస్తూ ఉంటాను.

ఎమ్మార్‌పల్లి_అక్క:

అమ్మ భుజం చూపించావా తమ్ముడూ?

కొర్లగుంట_33:

చూపించానక్కా. ఎముక బాగానే ఉందన్నారు, కండరం పట్టేసిందట, నెల రోజులు ఆ చేత్తో బరువు పనులు వద్దన్నారు. ఊరిబిండికి మిక్సీ తిప్పేది ఇప్పుడు నేనే, పన్నెండింటికి, కాల్స్ మొదలవ్వకముందే. ఉప్పు ఎంతో మాత్రం అమ్మే వచ్చి చూస్తుంది.